తల వంచుకు పూసేది

కలోచా పక్క పల్లెలో మా అమ్మమ్మ ఎటెల్కా
గోడలకి పూలేసే మనిషి.
ముందుగా గీత గీసుకోదు,
కుంచె ఆనిన చోటే మొదలు.
గులాబీ, తులిప్, నీలిగంటలు
చెప్పకుండా దిగే చుట్టాల్లా వచ్చేస్తాయి.
ఊళ్లో పెళ్లంటే ముందు ఆవిడకి కబురు,
తర్వాతే చర్చి ఫాదరుకి.

అది వసంతంలో మాట.
సెప్టెంబరు దాటితే ఆవిడా అందరిలాగే
మిరపకాయలు చీల్చే కూలి.

చూరు కింద దండలు, దండల మీద దండలు,
సున్నం కనబడనంత ఎరుపు.
రాత్రి ఒక్క దీపం చుట్టూ పదిమంది ఆడవాళ్లు.
కత్తి మొనతో కాయ పొట్ట చీల్చి
లోపలి తెల్ల ఈనెలు లాగెయ్యాలి.
మంట కాపురం ఉండేది అక్కడే.
ఈనె తీసిన కాయ తియ్యటి పొడై
పట్నంలో పెద్దవాళ్ల బల్లల మీదికి పోయేది.
ఈనెలు మా వాటా.

వేళ్లు కుంపట్లో పెట్టినట్టుండేవట.
పాలలో ముంచినా, బూడిద రుద్దినా,
పందికొవ్వు పూసినా
తెల్లారేదాకా అదే సెగ.
కన్ను దురదేస్తే భుజానికి రాసుకోవడమే.
ఏడుపొస్తే మొహానికి అడ్డం పెట్టుకోడానికి
చేతులుండీ లేవు.

మా మామయ్య మిషి అప్పటికి నాలుగు నెలలవాడు.
ఆ కాలమంతా వాణ్ణి మోచేతులతో ఎత్తుకుంది.
బుగ్గ మీద ఒక్క వేలు ఆనించలేదు.
"వాడి మొహం ఎలా ఉంటుందో నా చేతికి తెలీకుండా పోయింది"
డెబ్బై దాటాక కూడా అనేది,
అంటూ చేతులు వెనక్కి దాచుకునేది.

ఓసారి అడిగాను:
ఇన్ని పూలేశావు కదా, మిరపపువ్వు ఏదీ?
ఈ ఊరు తినే రొట్టె దాని పెట్టే కదా?
"అది తల వంచుకు పూస్తుందే.
మనవైపు చూడని పువ్వుని ఎవరు చూస్తారు?"

అని ఊరుకోలేదు. చేలోకి లాక్కెళ్లి
కొమ్మ ఒకటి పైకెత్తింది.
తెల్లటి చిన్న చుక్క, ఐదో ఆరో రేకులు.
బంగాళాదుంప పువ్వుదీ ఇదే మొహం చూడు.
టమాటాదీ ఇదే, పసుపు గౌను తొడిగింది.
తాత పైపులో పొగాకు,
కంచె కింద నల్లగా మెరిసే కామంచి,
పెంటకుప్ప పక్కన తెల్ల గిన్నె ఎత్తి నిలబడ్డ ఉమ్మెత్త,
అందరూ దాయాదులే.
ఒకడు కడుపు నింపుతాడు, ఒకడు మత్తు పెడతాడు,
ఒకడు ప్రాణం తీస్తాడు.
మొహం చూసి చెప్పలేవు.
"మనింటి మగాళ్లలాగే" అనేసి
నేను నోరు తెరిచేలోగా గట్టు దిగిపోయింది.

తర్వాత మంటలేని మిరప వచ్చింది.
ఎక్కడో ప్రయోగాల తోటలో ఎవరో ఓపిగ్గా
మెత్తటి మొక్కకి మెత్తటి మొక్కతో వియ్యం కలిపి, కలిపి
ఈనెల్లో కోపం చంపేశారట.
చీల్చే పని లేదిక, కాయని కాయలాగే మరలో వేసెయ్యడమే.
కొందరు పాటలు పాడారు.
కొందరు చలికాలం కూలి పోయిందని ఏడ్చారు,
ఈసారి చేతులు అడ్డం పెట్టుకుని.

ఎటెల్కా మాత్రం సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని,
నమ్మకం చాలక మళ్లీ కడుక్కుని
మిషి పడుకున్న గదిలోకి వెళ్లింది.
వాడికి అప్పటికి ఏడేళ్లు.
నిద్రలోనే విసుక్కుని
చెయ్యి తోసేశాడు.

నిరుడు పొయ్యి వెనక గోడ పెళ్లలూడింది.
ఈస్టరు ఈస్టరుకీ కొట్టిన సున్నం, పొర కింద పొర,
గులాబీల కింద గులాబీలు.
అన్నిటికన్నా అడుగున, పాకే పిల్లాడి ఎత్తులో
ఒక్కటే పువ్వు.
తెల్లగోడ మీద తెల్లగా,
పక్కనుంచి వెలుతురు పడితేగానీ లేదు.
తల వంచుకునే ఉంది.
కుంచె పని కాదది, వేలితో అద్దినది.
రేకుల్లో వేలిముద్రల గీతలు.

తాకబోయి ఆగాను.
పొద్దున చేపల పులుసులోకి
కారం కాయలు తరిగిన చేతులు నావి.